సామి గది కప్పు

మలేషియాలోని మా క్లాంగ్‌లో పాత ఇళ్ళకి ఊపిరాడకుండా చేయడంలో నన్ను మించినవాడు లేడు. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, తప్పు ఒప్పుకోవడం. గోడకి గోడ ఆనించి వరసగా కట్టిన టెర్రస్ ఇళ్ళు ఇక్కడ వీధులకి వీధులున్నాయి. వాటిని కట్టినవాళ్ళు తెలివైనవాళ్ళే. రెండు పక్కలా కిటికీ పెట్టే వీల్లేదు కాబట్టి ఇంటి నడిమధ్యలో కప్పు లేకుండా చిన్న జాగా వదిలేశారు. దాన్ని ఎయిర్‌వెల్ అంటాం. వెలుతురు అందులోంచి దిగుతుంది, వేడిగాలి అందులోంచి పైకి పోతుంది. ఆ తర్వాత మావంటి మేధావులు దిగాం. "ఇంత జాగా వానకి వదిలేస్తారా లా? స్లాబ్ పోసేస్తే ఒక గది కలిసొస్తాది" అని ఇక్కడి అలవాటుగా మాట చివర ఒక 'లా' తగిలించి ఇంటింటికీ చెప్పి, ఒప్పించి, మూసేశాం. మూసిన తర్వాత ఉక్కపోస్తోందని వాళ్ళు ఏడిస్తే, ఏర్‌కాన్, అదే ఏసీ, పెట్టుకోమన్న సలహా కూడా నాదే.

నా పేరు కిశోర్‌కుమార్. ఇళ్ళ రిపేరు కాంట్రాక్టర్ని. కోపం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. ఇరవయ్యేళ్ళ వయసులో, పందొమ్మిది వందల తొంభై ఏడులో, నేను మూసిన మొట్టమొదటి ఎయిర్‌వెల్ మా ఇంటిదే. దాన్ని మూసి మా అమ్మకి సామి గది కట్టించాను. గులాబీ రంగు టైల్సు, గంట, ఎర్ర బల్బు. అప్పట్లో మా వీధి మొత్తానికి విడిగా సామి గది ఉన్న ఇల్లు మాదొక్కటే. ఎవరొచ్చినా ముందు అక్కడికి తీసుకెళ్ళి చూపించేవాణ్ణి.

ఈ ఏడాది చైనీస్ న్యూ ఇయర్ వెళ్ళిన తర్వాత చుక్క వాన పడలేదు. రెండో వారంలో ఒక మధ్యాహ్నం మా అయ్య పోలయ్య తన మంచం మీద మాట లేకుండా పడి ఉన్నాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట మాత్రం ఒక్క బొట్టు లేదు. నా భార్య సుమతి తను పనిచేసే కిండర్‌గార్టెన్ నుంచి అప్పుడే వచ్చింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ కథ చెప్పే ఓపిక నాకు ఉండేది కాదు.

ఆస్పత్రిలో నాలుగు రోజులు ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "పెద్దాయన గుండె ఈ వేడిని తట్టుకోలేదు. ఆయన గది ముప్పై ఒక్క డిగ్రీలు దాటకుండా చూసుకో. ఇంకోసారి ఇలా తీసుకొస్తే నేను మాట ఇవ్వలేను" అని నెమ్మదిగానే చెప్పింది. నెమ్మదిగా చెప్పింది కాబట్టే నాకు భయం వేసింది.

ఏర్‌కాన్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టాను. మా అయ్య పోర్ట్ క్లాంగ్‌లో ముప్పై ఏళ్ళు క్రేన్ నడిపిన మనిషి. షుగరు వచ్చి ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. చల్లగాలి తగిలిందంటే చాలు, లేని ఆ కాలు నొప్పి పెడుతుంది. ఉన్న కాలయితే తైలం రాయొచ్చు. లేనిదానికి ఏం రాస్తాం?

"ఆపెయ్యిరా బాబూ. నా యేళ్ళు ఎవులో ఇరిసేత్తన్నట్టుంది" అని అరిచేవాడు. ఆ వేళ్ళు ఆస్పత్రిలో ఎప్పుడో పోయాయి. ఒక్క గంట చల్లగా ఉంచితే రాత్రంతా మూలిగేవాడు. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు కూడా దానికి పనిచేయలేదు.

కాబట్టి ఇల్లే చల్లబడాలి. యంత్రం పెట్టి కాదు, ఇల్లు ఇల్లుగా చల్లబడాలి. ఊరందరి ఇళ్ళూ బాగుచేసేవాణ్ణి, నా తండ్రి నా ఇంట్లో వేడికి పోతే నేను మళ్ళీ తాపీ పట్టుకోను అని ఆస్పత్రి మెట్ల మీదే అనుకున్నాను. ఒట్టు కూడా పెట్టుకున్నాను.

అప్పుడు దొరికింది అనూహ్య. కాకినాడ పిల్ల. సైబర్‌జయలో యూనివర్సిటీలో చదువుతోంది. పాత టెర్రస్ ఇళ్ళలో వేడి ఎంత, కరెంటు ఎంత తగ్గించవచ్చు అన్నదే ఆ అమ్మాయి చదువట. రాముడి గుళ్ళో మా తెలుగువాళ్ళని మీ ఇల్లు చూడనిస్తారా అని అడుగుతూ ఉంటే సుమతి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. వేడి కొలిచే అగ్గిపెట్టెంత మీటర్లు నాలుగు తెచ్చి గదికొకటి పెట్టింది. మా అయ్య మంచం పక్కనున్నదాన్ని రెండు రోజులు గుర్రుగా చూసి, "ఇది నన్ను కాపలా కాత్తందా, నాను దీన్ని కాయాలా?" అన్నాడు.

మూడో రోజు అనూహ్య లెక్క చెప్పింది. సాయంత్రం నాలుగింటికి బయట ముప్పై నాలుగున్నర. మా అయ్య గదిలో ముప్పై ఏడు.

"బయటికన్నా లోపలెక్కువ కిశోర్ గారూ. ఆయన్ని వీధిలో కూర్చోబెట్టినా ఇంతకన్నా నయం" అంది. చిన్నపిల్లయినా నోటికి అడ్డు లేదు. నాకు నచ్చింది.

ఇల్లంతా తిరిగి చూసింది. సామి గది దగ్గర ఆగింది. తల ఎత్తి కప్పు చూసింది. అగరొత్తుల పొగకి కప్పంతా నల్లగా మసిబారి ఉంది. రెండేళ్ళకోసారి నేనే సున్నం వేస్తాను, మళ్ళీ నల్లబడుతుంది.

"ఇది ఎయిర్‌వెల్ కదూ? మా అమ్మమ్మ వాళ్ళ మండువాలాగా?"

"ఒకప్పుడు" అన్నాను.

"తెరుద్దామా?"

"మిగిలినవి ముందు చూద్దాం అమ్మాయ్. అది మా అమ్మ సామి గది. మా అమ్మ ఒప్పుకోదు."

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. పేరు దాలమ్మ. డెబ్భై ఆరేళ్ళు. సామి గదిలో అందరి దేవుళ్ళ పటాలూ ఉన్నా, ఆవిడ దేవుడు మాత్రం కింద పీట మీదున్న జానెడు నల్లరాయి. మా పైడితల్లి అమ్మోరు. మా ముత్తాతలు విజయనగరం వైపు నుంచి రబ్బరు ఎస్టేటుకి కూలికి వచ్చినప్పుడు పెట్టుకున్న రాయి. ఎస్టేటు అమ్మేసి కూలీల లైను ఇళ్ళు కూలగొట్టిన రోజు, మా అమ్మ ఒక చంకలో నన్ను, ఒక చంకలో అమ్మోరిని ఎత్తుకుని లారీ ఎక్కిందట.

ఆవిడకొక పిచ్చి ఉంది. పిచ్చి అనే నేను అనుకునేవాణ్ణి. ఎండలు పోయి మొదటి వాన పడగానే చేతిలో పని చేతిలోనే వదిలేసి, అమ్మోరిని సత్తు బేసిన్లో పెట్టుకుని, వంటింట్లోంచి వెనక సందులోకి పరిగెడుతుంది. వానలో బేసిను పట్టుకుని నిలబడుతుంది. అమ్మోరు తడుస్తుంది, ఈవిడా తడుస్తుంది. పక్కింటి కామాచ్చి అక్క కిటికీలోంచి చూసి నవ్వుతుంది. "ఏటమ్మా ఈ పిచ్చి? జొరం ఒస్తాది, లోపలికి రా!" అని నేను ప్రతి ఏడూ అరుస్తాను. "అమ్మోరికి తలంటురా" అంటుంది, అంతే. పోయిన ఏడు ఆ సందులో పాచి మీద జారి మోకాలు పగలగొట్టుకుంది. అప్పుడు కూడా ముందు బేసిను పట్టుకున్నారా లేదా అనే అడిగింది.

ఆ బేసినుకొక చరిత్ర ఉంది. సామి గదికి స్లాబ్ పోసిన రోజు తట్ట చాలక అందులోనే నేను సిమెంటు కలిపాను. అమ్మ చూసి నెత్తీ నోరూ కొట్టుకుని లాక్కుపోయింది. అడుగున ఆ సిమెంటు పెచ్చు ఇప్పటికీ ఉంది.

సరే, పని మొదలుపెట్టాం. నేనూ, నా దగ్గర పద్దెనిమిదేళ్ళుగా తాపీపని చేస్తున్న ఇళంగోవన్. మిగతా పనులన్నీ ఆపేశాను. ఇంటి పైపెంకులు వరసవరసగా తీసి, కింద వేడిని వెనక్కి కొట్టే వెండి రేకు పరిచి, మళ్ళీ పేర్చాం. సీలింగు మీద వేడిని ఆపే రాతి ఉన్ని పరుపులు పరిచాం. దాని దురద గురించి చెప్పకూడదు, రెండు రోజులు ఇద్దరం కోతుల్లా గోక్కున్నాం. ఇంటి ముందు కారు జాగాలో నేనే వేసిన టైల్సు సగం పీకి గడ్డి నాటాం. పడమటి ఎండ పడకుండా కిటికీలకి చూరు దించాం. కిటికీల పైన గాలి కోసం వదిలిన చిల్లుల ఇటుకల్ని ఏర్‌కాన్ గాలి పోతుందని ఒకప్పుడు నేనే సిమెంటుతో పూడ్చాను. ఇప్పుడు ఒక్కొక్క చిల్లూ ఉలితో తవ్వి తీశాను. ఎవడు తీసిన గోతిలో వాడే పడతాడని ఊరికే అన్నారా!

"అన్నే, ఈ పని చేసినవాడు ఎవడో గట్టివాడే" అన్నాడు ఇళంగోవన్ తమిళంలో, సిమెంటు ఊడక చెమటలు కారుతుంటే. వాడికి తెలుసు అది నేనేనని. నవ్వు దాచుకోలేదు కూడా.

మూడు వారాలు పట్టింది. మీటరు చూస్తే నాలుగింటికి ముప్పై మూడున్నర.

నాకు ఆనందం వేసింది. మూడున్నర డిగ్రీలు దించాను, మామూలు మాటా? అనూహ్య మాత్రం నవ్వలేదు.

"బయటి వేడి రాకుండా ఆపారు. బాగా చేశారు. కానీ లోపల ముగ్గురు నలుగురు మనుషులు, వంట, ఫ్రిజ్... ఆ వేడి ఎటు పోవాలి? ముందు కిటికీలోంచి గాలి వస్తోంది, వెళ్ళే దారి లేక అక్కడే ఆగిపోతోంది. వెనక వంటిల్లు సందు దాకా పెంచేశారు. ఇంటికున్న ఒక్క దారి ఎక్కడో మీకు తెలుసు."

"మా అమ్మ ఒప్పుకోదని చెప్పాను కదా."

వెనక గోడలో పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాను. దాని మోతకి మా అయ్య నిద్రపోలేదు, గది అర డిగ్రీ కూడా దిగలేదు. పైకప్పు మీద గాలికి తిరిగే గుండ్రటి రేకు పంకా పెట్టాను. అది అటకలో వేడిని తీసింది, గదిలో వేడిని కాదు. వెదురు తడకలు తడిపి కట్టాను. అసలే చెమట ఆరని ఊరు, తడకలు కట్టాక పరుపుకి బూజు పట్టింది. నేను చేయనిదంటూ లేదు, ఆ ఒక్కటి తప్ప.

సుమతి ఒక సాయంత్రం చేతులు కట్టుకుని నా ముందు నిలబడింది.

"అత్తని అడిగినావా?"

"అడగక్కర్లేదు. మా యమ్మ సంగతి నాకు తెల్దేటి? అమ్మోరి మీద సెయ్యేత్తే ఇల్లెక్కి అరుస్తాది."

"అడిగినావా, లేదా? ఆ ఒక్కటి సెప్పు లా."

"నీకెందుకు?" అని అరిచి బయటికి పోయాను. నిజం చెబితే నాకు అడగాలని లేదు. ఆ గది నా మొదటి పని. దాన్ని చూసే నాకు రెండో పని వచ్చింది, మూడోది వచ్చింది. ఆ స్లాబ్ మీద సుత్తి పడుతుందంటే నా నెత్తిన పడుతున్నట్టే ఉంది. సిగ్గులేకుండా మా అమ్మ పేరు అడ్డం పెట్టుకున్నాను. అది అప్పుడు నాకు తెలిసీ తెలియనట్టు ఉండేది.

ఆ తర్వాత గురువారం మళ్ళీ జరిగింది. మూడున్నరకి అమ్మ కేక వేస్తే పరిగెత్తాను. మా అయ్య కళ్ళు తెరిచే ఉన్నాడు, మమ్మల్ని చూడడం లేదు. "దించు, నెమ్మదిగా దించు, కింద మనుసులున్నారు" అంటున్నాడు. క్రేన్ మీద ఉన్నాననుకుంటున్నాడు. చేతులు గాలిలో పిడులు తిప్పుతున్నాయి. తడి తువ్వాళ్ళు వేశాం, మణికట్లకి ఐసు ఆనించాం. అంబులెన్సుకి ఫోను చేసి, అది వచ్చేలోగా నేను ఆయన చేతులు పట్టుకుని కూర్చున్నాను. ముప్పావు గంటకి నన్ను గుర్తుపట్టాడు.

"ఎందుకురా ఏడుత్తన్నావు?" అన్నాడు.

అంబులెన్సు వాళ్ళు చూసి, ప్రస్తుతానికి పర్వాలేదన్నారు. ఆస్పత్రికి రానని అయ్య మంచం కోడు పట్టుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక నేను ఇంక ఆలోచించలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను.

అమ్మ కింద కూర్చుని ఎండు నెత్తళ్ళ తలలు గిల్లుతోంది. నేను నీళ్ళు తాగాను. ఫ్రిజ్ తీసి మూశాను. కత్తి తీసి మళ్ళీ పెట్టాను.

"ఏటిరా అలా పిల్లిలాగ తిరుగుతున్నావు? సెప్పు."

"అమ్మా, అయ్య గది సల్లబడాలంటే సామి గది కప్పు తీసెయ్యాల. ఎయిర్‌వెల్ మల్లీ తెరవాల. అమ్మోరిని కదపాల." ఒక్క ఊపిరిలో చెప్పేశాను. "నువ్వు తిట్టినా సరే, నాను తీసేత్తాను. నువ్వు అన్నం మానేసినా తీసేత్తాను. అయ్య కన్నా..."

అమ్మ గిల్లడం ఆపింది. నా వైపు చూసింది. తిట్లకి సిద్ధంగా పళ్ళు బిగించి నిలబడ్డాను.

"కప్పు తీసేత్తావా?"

"తీసేత్తాను."

"అంతా?"

"అంతానూ. పైన ఆకాశమే."

"ఎప్పుడు?"

నాకు అర్థం కాలేదు. "ఎప్పుడేటి?"

"ఓరి ఎర్రోడా, ఎప్పుడు తీత్తావని అడుగుతున్నాను. రేపు మంచి రోజే." అమ్మ నెత్తళ్ళ పళ్ళెం పక్కన పెట్టింది. "ఎస్టేటులో అమ్మోరికి కప్పుండేదేటిరా? లైను సివర, కాలవ గట్టున, ఎండలో ఎండేది, వానలో తడిసేది. మా అత్త సెప్పేది, అమ్మోరు తడిత్తేనే మనం సల్లగుంటామని. కప్పు కింద పెట్టకూడదావిడిని."

"మరి అప్పుడే సెప్పొచ్చు కదమ్మా!"

"ఎలా సెప్పేదిరా? ఇరవయ్యేళ్ళ గుంటడివి. నీ మొదటి పని. ఏళ్ళ మజ్జిన సిమ్మెంటు తినేసి రగతం కార్తంది. ఆ సేతుల్తో నన్ను లాక్కెల్లి, 'అమ్మా సూడు, అమ్మోరికి ఇల్లు కట్టినాను' అన్నావు. మొకం ఇంత సేసుకుని. వద్దురా, పడగొట్టు అని ఏ తల్లంటాది?" పమిటతో ముక్కు తుడుచుకుంది. "వాన ఆవిడకాడికి రాలేదు. అందుకని నానే ఏడాదికోపాలి ఆవిడిని వానకాడికి ఎత్తుకెల్లినాను. తప్పు నీ మీద పడకూడదని మొక్కుకున్నాను."

నేను ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాను. ఇరవయ్యేడేళ్ళు. ప్రతి ఏడూ వానలో నిలబడి ఆ మనిషి నా కోసం క్షమాపణ అడిగింది, నేను లోపల నుంచి పిచ్చి అని అరిచాను. ఇంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు. మోకాలు పగిలిన రోజు కూడా తిట్టాను. నెత్తళ్ళు నాలుగు తీసి నేనూ తలలు గిల్లడం మొదలుపెట్టాను.

"పొట్ట కూడా తియ్యి. సేదొస్తాది" అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే అమ్మ పసుపునీళ్ళు చల్లి, అమ్మోరితో ఏదో గుసగుసగా మాట్లాడి, రాయిని ఎత్తి వంటింట్లో బియ్యం డబ్బా మీద కూర్చోబెట్టింది. పటాలన్నీ సుమతి హాల్లోకి మార్చింది. మా అయ్య తన చక్రాల కుర్చీ హాలు గుమ్మంలో పెట్టమని పట్టుబట్టాడు.

"ఆ కమ్మీలు నానే మోసినాను. పడగొట్టడం కూడా నానే సూడాల."

దుమ్ము పడుతుందంటే వినడే! చివరికి ముందు వరండాలో ఫ్యాను కింద కూర్చోబెట్టి, కిటికీలోంచి చూడమన్నాం.

ఇంటికి ఆ స్లాబ్‌తో పని లేదు, విడిగా పోసింది, గోడల మీద కూర్చుంది అంతే. కింద ఇనప స్తంభాలు పెట్టి, పైకెక్కి కాంక్రీటు పగలగొట్టే మెషిన్‌తో కొట్టడం మొదలుపెట్టాం. ఆరు గంటల పని అనుకున్నాను. మధ్యాహ్నానికి బెత్తెడు కూడా ఊడలేదు. ఇళంగోవన్ మెషిన్ ఆపి నా వైపు చూశాడు.

"అన్నే, ఇది సామి గదా, బాంకు లాకరా? ఇంత కమ్మీ ఎవడైనా వేస్తాడా?"

ఇరవయ్యేళ్ళ వయసులో కూలిపోతుందేమోనన్న భయంతో రెండింతలు కమ్మీ వేశాను. అమ్మోరి నెత్తిన పడకూడదని. ఆ భయమంతా ఇప్పుడు మెషిన్‌కి అడ్డం తగులుతోంది. చేతులు బొబ్బలెక్కాయి. మెషిన్ మొన ఒకటి విరిగింది. ఇంకోటి తెచ్చాం. రెండో రోజు కామాచ్చి అక్క గోడ మీంచి తొంగి చూసి, "మీ ఇల్లేనా, మా ఇల్లు కూడా పడగొడుతున్నావా?" అని అడిగింది. ఆవిడ ఇంటి ఎయిర్‌వెల్ కూడా మూసింది నేనే కాబట్టి మెషిన్ మళ్ళీ ఆన్ చేశాను.

సాయంత్రానికి ఒక మూల ఊడి కింద పడింది. ఆ మూల మీద, పచ్చి సిమెంటులో మేకుతో గీసిన తెలుగు అక్షరాలున్నాయి. "నా కొడుకు కిశోరు కట్టినాడు 1997." మా అయ్య గీశాడు. ఎస్టేటు బడిలో మూడో క్లాసు దాకా నేర్చుకున్న అక్షరాలు. ఇన్నేళ్ళ పాచి కమ్మేసి ఉంటే నేనెప్పుడూ చూడలేదు. అక్షరాల మధ్యలోంచి పగిలి "కట్టినాడు" ఒక ముక్కలో, నా పేరు ఇంకో ముక్కలో ఉన్నాయి.

అయ్య కిటికీలోంచి అరిచాడు. "ఏటాగినారు?"

"నువ్వు రాసింది దొరికింది అయ్యా!"

"రాసింది సదువుకుని కూకుంటావేటి? కొట్టు!"

కొట్టాను. ముక్కలన్నీ లారీలోకి ఎత్తాను. దాచుకోవాలనిపించింది కానీ దాచుకోలేదు. కొడుకు కట్టాడని రాసిన ఆ మనిషి లోపల ఊపిరాడక ఉంటే ఆ రాత నాకెందుకు?

మూడో రోజు నేల తవ్వి పాత కాలువ మూతి వెతికాం. నేనే సిమెంటు సంచీ కుక్కి పూడ్చిన మూతి. సంచీ కాగితం రాయిలా బిగిసిపోయింది. ఉలితో తీసి బకెట్ నీళ్ళు పోస్తే గుటుక్కున తాగేసింది. పైన దొంగలు దిగకుండా ఇనప గ్రిల్లు, హాలు వైపూ వంటింటి వైపూ తెరిచి మూసుకునే అద్దాల పలకలు బిగించాం. నీళ్ళు నిలిస్తే దోమలు, దోమలంటే డెంగీ తనిఖీ వాళ్ళు వస్తారు, అందుకని నేల వాలు రెండుసార్లు సరిచూశాను. మధ్యలో చిన్న గట్టు కట్టాను. టైల్సు వేయలేదు. అమ్మ వద్దంది.

గట్టు మీద అమ్మోరిని కూర్చోబెట్టి అమ్మ అగరొత్తి వెలిగించింది. అనూహ్య పక్కనే నిలబడి పొగనే చూస్తోంది. ముందు కాస్త తడబడి, తర్వాత పొగ తిన్నగా లేచింది. గ్రిల్లు దాటింది. మా ఇంట్లో ఇన్నేళ్ళలో ఒక్క అగరొత్తి పొగ కూడా ఆకాశం చూడలేదు.

"వెళ్తోంది కిశోర్ గారూ, వెళ్తోంది!" అని ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. నేను గట్టిగా మాట్లాడితే ఏడుస్తానని నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం చూసి సుమతి బిత్తరపోయింది.

రెండు రోజులు గోడల్లో పాత వేడి పోనివ్వాలని అనూహ్య చెప్పింది. మూడో రోజు అసలు పరీక్ష. ఆ రోజు ఎండ ఎలా కాసిందంటే రోడ్డు మీద తారు చెప్పుకి అంటుకుంది. బయట ముప్పై అయిదు. రెండింటి నుంచి నేను అయ్య గది గుమ్మంలోనే కూర్చున్నాను. మీటరు వంక చూడకూడదనుకుంటూ అయిదు నిమిషాలకోసారి చూశాను. రెండున్నరకి ముప్పై. మూడింటికి ముప్పై పాయింట్ మూడు. మూడున్నరకి ముప్పై పాయింట్ ఆరు. గురువారం ఈ టైముకే పడిపోయాడు. అయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. కదలడం లేదు. లేచి వంగి చూశాను. ఊపిరి ఆడుతోంది. మెడ మీద చెయ్యి పెడితే చెమట, మామూలు మనిషి చెమట.

నాలుగింటికి ముప్పై పాయింట్ ఎనిమిది, డాక్టరమ్మ చెప్పిన ముప్పై ఒకటికి రెండు పాయింట్లే తక్కువ. నాలుగుంబావుకి అదే. నాలుగున్నరకి ఒక పాయింటు దిగింది.

అయ్య ఇటు తిరిగాడు. కళ్ళు తెరిచాడు. నన్ను చూసి విసుక్కున్నాడు.

"ఏటిరా, శవం కాడ కూకున్నట్టు కూకున్నావు? మీ యమ్మని టీ ఎట్టమను. ఏడిగా."

ఆయన పోర్టులో ఉన్నప్పుడు రోజుకి అయిదు గ్లాసులు తాగేవాడు, నాలుక కాలేంత వేడిగా. రెండేళ్ళుగా మధ్యాహ్నం పూట ఐసునీళ్ళు తప్ప ముట్టలేదు.

"సుమతీ, టీ! అయ్య టీ అడుగుతున్నాడు!" అని నేను పెట్టిన కేకకి కామాచ్చి అక్క కూడా పరిగెత్తుకొచ్చింది, ఏమైందోనని.

ఆ టీ సగం తాగుతుండగా ఉరిమింది. అయిదింటికి మొదటి చినుకు. మా వానలకి మర్యాద తెలీదు, వస్తే ఒక్కసారిగా మీద పడతాయి. ఎయిర్‌వెల్లో దబదబా కురిసింది. చల్లగాలి హాల్లోంచి అయ్య గదిలోకి వచ్చి కేలండరు ఎగరేసింది. ఆయన గ్లాసు పట్టుకుని అటే చూస్తున్నాడు.

వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. చేతిలో సత్తు బేసిను. అలవాటు. ఎయిర్‌వెల్ గుమ్మం దగ్గర టక్కున ఆగింది. గట్టు మీద అమ్మోరు నిలువునా తడిసిపోతోంది, నల్లగా నిగనిగలాడుతోంది. ఎత్తుకెళ్ళాల్సిన పని లేదు. సందులోకి పోవాల్సిన పని లేదు. అమ్మ బేసిను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అటూ ఇటూ మార్చుకుంది.

నేను పక్కకి వెళ్ళి నిలబడ్డాను. "అమ్మా, తప్పు నాదే" అన్నాను. ఆ మాట చెప్పడానికి ఇరవయ్యేడేళ్ళు పట్టింది.

ఆవిడ వానలోకి చెయ్యి చాచి, తడి చెయ్యి నా నెత్తి మీద రాసింది. తర్వాత బేసిను అడుగున అంటుకున్న నా సిమెంటు పెచ్చుని గోరుతో ఒకసారి గీకి, ఆ బేసినే నా చేతిలో పెట్టింది.

"ఇంద. ఇంక నాకక్కర్లేదు. సిమ్మెంటు కలుపుకో."